ఇల్లు కొనేముందు ఇంజనీరు తనిఖీ: డెల్టా నేలలో ఆ రుసుముకు తగిన ఫలితం దక్కుతుందా?

ఇల్లు కొనేముందు ఇంజనీరును పిలిపించి తనిఖీ చేయించడం మన గోదావరి జిల్లాల్లో ఇంకా అలవాటు కాలేదు. సిద్ధాంతి గారిని తీసుకెళ్లి ఈశాన్యం పెరిగిందో తగ్గిందో చూపించుకుంటాం, దస్తావేజు లేఖరి చేత ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించి లింకు డాక్యుమెంట్లు సరిచూసుకుంటాం, తెలిసిన మేస్త్రీని వెంటబెట్టుకుని వెళ్లి గోడలు తట్టించి, ఆయన 'పర్లేదండి, గట్టిగానే కట్టారు' అనగానే బయానా ఇచ్చేస్తాం. ఈ ముగ్గురికి తోడు నాలుగో మనిషి అవసరమా, అతను తీసుకునే రుసుముకు తగిన సమాచారం ఇస్తాడా అన్నదే ఈ సమీక్ష విషయం. మేము సేవ పొందింది అమలాపురం శివారులోని ఒక పాత ఇంటి కోసం. మెచ్చుకోవలసిన పనితో పాటు ఫిర్యాదులు కూడా ఉన్నందువల్ల వచ్చిన సంస్థ పేరు రాయడం లేదు.

తనిఖీ చేయించాలన్న ఆలోచన మా మేనల్లుడిది. హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, తల్లిదండ్రుల కోసం కోనసీమలోనే సిద్ధంగా ఉన్న ఇల్లు కొనాలని అతను చూస్తున్నాడు. అమెరికాలో స్థిరపడిన అతని స్నేహితుడొకరు 'ఇన్‌స్పెక్షన్ లేకుండా ఇల్లెలా కొంటారు' అని ఆశ్చర్యపోయారట. అయితే అక్కడి పద్ధతిని ఉన్నదున్నట్టు ఇక్కడికి తెచ్చుకోవడం కుదరదు. అక్కడ సాధారణంగా ముందు ఒప్పందం కుదురుతుంది, తనిఖీకి గడువు కూడా అందులోనే రాసుకుంటారు, నివేదిక చూశాక మనసు మారితే కొనేవారు ఆ గడువులోగా తప్పుకుని ఇచ్చిన సొమ్ము వెనక్కు తీసుకోవచ్చు; చాలా రాష్ట్రాల్లో తనిఖీ చేసే వ్యక్తికి లైసెన్సు కూడా ఉండాలి. మన దేశంలో ఈ వృత్తికి ప్రత్యేక లైసెన్సు లేదు. పైగా పెద్దమనుషుల ఎదుట ఒకసారి చేతులు మారిన బయానా తిరిగి రావడమన్నది మన వైపు వినని మాట. కాబట్టి ఇక్కడ తనిఖీ జరగవలసింది బయానాకు ముందే, అంటే ఇల్లు మనది అవుతుందో లేదో తెలియని దశలోనే రుసుము చెల్లించడానికి సిద్ధపడాలి. చాలామంది వెనకాడేది ఈ ఒక్క కారణం వల్లనే అనిపిస్తుంది.

లెక్క వేస్తే ఆ వెనకాటకు అర్థం లేదు. ఇల్లు 20 ఏళ్ల కిందట కట్టిన రెండంతస్తుల శ్లాబు ఇల్లు, అడిగిన ధర 60 లక్షలు. మన రాష్ట్రంలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి ఏడున్నర శాతం, అంటే నాలుగున్నర లక్షలు. సంస్థ అడిగింది ప్రయాణ ఖర్చుతో కలిపి 15,000 రూపాయలు; ప్రయోగశాల పరీక్షలు అవసరమైతే వాటికి అదనం. రిజిస్ట్రేషన్ ఖర్చులో ముప్పయ్యో వంతుకు ఇంటి ఎముకల సంగతి తెలుస్తుందంటే అది ఖరీదైన బేరమేమీ కాదు. అది నిజంగా తెలుస్తుందా లేదా అన్నదే ప్రశ్న.

వచ్చిన ఇంజనీరు యువకుడు, ఓపిక గలవాడు. పై అంతస్తు సన్‌షేడ్ల దగ్గర అతను చేసిన పని చూశాకే ఈ సేవ మీద నాకు గురి కుదిరింది. కింద నిలబడి చూస్తే సన్‌షేడ్లకు కొత్త రంగు వేసి ఉంది, లోపం ఏదీ కనిపించదు. అతను నిచ్చెన వేసుకుని, చేతిలోని చిన్న సుత్తితో సన్‌షేడ్ అడుగు భాగాన్ని జానెడు జానెడు దూరంలో తడుతూ పోయాడు. గోడ దగ్గర ఖణేల్‌మన్న శబ్దం అంచుకు వచ్చేసరికి డొల్లగా మారింది. అక్కడ ఉలితో మెల్లగా ఎత్తితే, రంగు, పుట్టీ, వాటి కింద సిమెంటు పెచ్చు అన్నీ ఒకే బిళ్లగా ఊడి వచ్చాయి. లోపల ఎనిమిది మిల్లీమీటర్ల చువ్వ పొరలు పొరలుగా తుప్పు లేచి, గోటితో గీకితే రాలిపోతోంది. 'ఆయ్, అది ఉప్పుగాలికి ఊడిందండి, ఈ వైపు అందరిళ్లకీ అంతేనండి' అన్నారు యజమాని. ఆయన మాటలో అబద్ధం లేదు, కానీ పూర్తి నిజం కూడా అది కాదు. ఇనుము తుప్పుగా మారినప్పుడు అంతకు ముందున్న దానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, ఆ ఒత్తిడికే చుట్టూ ఉన్న కాంక్రీటు చీలుతుంది. కాంక్రీటు పనికి ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం, తేలికపాటి వాతావరణంలో చువ్వ మీద 20 మిల్లీమీటర్ల కవరు, అంటే చువ్వను కప్పే కాంక్రీటు మందం, చాలు గానీ, తీవ్రమైన వాతావరణంలో 45 ఉండాలి. ఈ సన్‌షేడ్‌లో చువ్వ అడుగున ఉన్నది వేలి మందం కూడా లేదు.

అక్కడితో ఆగి ఉంటే మేస్త్రీ చెప్పే మాటకూ ఇతని మాటకూ పెద్ద తేడా ఉండేది కాదు. తేడా వచ్చింది తరువాతి ప్రశ్న దగ్గర: తుప్పుకు కారణం బయటి గాలా, లేక కలిపిన నీళ్లలోనే ఉప్పు ఉందా? బయటి గాలి అయితే సన్‌షేడ్లు, పిట్టగోడ బాగు చేసుకుంటే సరిపోతుంది. కాంక్రీటు కలిపిన నీళ్లే ఉప్పువి అయితే ఆ జబ్బు స్తంభాల్లోనూ శ్లాబులోనూ ఉంటుంది, ఎంత రంగు వేసినా లోపల పెరుగుతూనే ఉంటుంది. రాడ్లు ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదనీ, పోసేనాటికి కాంక్రీటులో మొత్తం ఘనపు మీటరుకు 0.6 కిలోలు మించకూడదనీ అదే ప్రమాణం చెబుతుంది. అల్లవరం, ఉప్పలగుప్తం, కాట్రేనికోన, సఖినేటిపల్లి వైపు బోరునీళ్లు నోట్లో పోసుకున్నవారికి ఈ అంకెలు ఎందుకు ముఖ్యమో వేరే చెప్పనక్కర్లేదు. డెల్టాలో ఇల్లు కట్టేవాళ్లు కాలువ నీళ్లున్న రోజుల్లో కాలువ నీళ్లే వాడుకుంటారు; దాళ్వా (రబీ వరి) కోతలయ్యాక కాలువలు కట్టేస్తే బోరే దిక్కు. అందువల్ల ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారన్న దానికంటే ఏ నెలల్లో కట్టారన్నది ఎక్కువ చెబుతుంది. ఈ ప్రశ్న ఇంజనీరు అడగలేదు, మా బావగారు అడిగారు. కింది అంతస్తు సార్వా (ఖరీఫ్ వరి) రోజుల్లో కట్టించారనీ, పై అంతస్తు మాత్రం మరుసటి వేసవిలో బోరునీళ్లతో పూర్తి చేశారనీ యజమాని దాపరికం లేకుండా చెప్పారు.

అది విన్నాక ఇంజనీరు తన పద్ధతి మార్చుకున్నాడు, దీనికి అతన్ని మెచ్చుకోవాలి. మొదట అనుకున్నట్టు కింది స్తంభాల్లోనే కాకుండా పై అంతస్తు స్తంభంలోనూ సన్న డ్రిల్లుతో రంధ్రం చేసి, పొడిని విడివిడి సంచుల్లో పట్టి ప్రయోగశాలకు పంపాడు. కింది స్తంభాల్లో క్లోరైడు పరిమితికి బాగా లోపలే ఉంది, పై స్తంభంలో పరిమితి అంచున ఉంది, సన్‌షేడ్‌లో దాటిపోయింది. పై అంతస్తు ఇప్పటికి నిలుస్తుంది గానీ దాని మీద ఇంకో అంతస్తు వేసే ఆలోచన పెట్టుకోవద్దనీ, శ్లాబు మీద నీరు నిలవకుండా వాలు సరిచేసి, అడుగు భాగాన్ని ఏటా తట్టి చూసుకోవాలనీ నివేదికలో రాశారు. మా మేనల్లుడి మనసులో ఉన్నదే మూడో అంతస్తు. సిద్ధాంతి గానీ, లేఖరి గానీ, మేస్త్రీ గానీ చెప్పలేని మాట ఇది. ఇచ్చిన రుసుములో ఎక్కువ భాగం ఇక్కడే తీరిపోయిందని నా అభిప్రాయం.

ఇక పరికరాల సంగతి. కరపత్రంలో పరికరాల బొమ్మలు చాలా ఉన్నాయి గానీ వాటిలో ప్రతిదాన్నీ నమ్మకూడదు. రీబౌండ్ హ్యామర్ అనే స్ప్రింగు సుత్తిని స్తంభానికి ఆనించి నొక్కితే వచ్చే అంకెను బట్టి కాంక్రీటు బలాన్ని అంచనా వేస్తారు. పాత కాంక్రీటు గాలిలోని బొగ్గుపులుసు వాయువు వల్ల పైపొరలో గట్టిపడుతుంది కాబట్టి, 20 ఏళ్ల ఇంట్లో ఈ అంకె ఉన్న బలం కంటే ఎక్కువే చూపిస్తుంది. నివేదికలో మాత్రం ఆ అంకెలను ఏ వివరణా లేకుండా పట్టికగా వేసి, ఎదురుగా 'మంచిది' అని రాశారు. స్తంభం గుండా ధ్వని తరంగాన్ని పంపి వేగం కొలిచే అల్ట్రాసోనిక్ పరీక్ష దీనికంటే నమ్మదగినది. సెకనుకు మూడున్నర కిలోమీటర్లు దాటితే కాంక్రీటు బాగున్నట్టు, మూడుకు తగ్గితే అనుమానించవలసినట్టు లెక్క. ఆ పరికరం ఈ సంస్థ దగ్గర ఉంది గానీ అడిగితేనే తెస్తారు. థర్మల్ కెమెరా గోడలోని నీటిని చూపించదు, ఉష్ణోగ్రతలోని తేడాను మాత్రమే చూపిస్తుంది. పడమటి గోడ మీద సాయంత్రపు ఎండ పడుతుండగా తీసిన ఎర్రటి, నీలపు బొమ్మలు నివేదికకు అందాన్నిచ్చాయి, అంతే.

చెమ్మ మీటరు విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం, ఎందుకంటే డెల్టాలో అందరూ మొదట భయపడేది చెమ్మకే. రెండు సూదులను గోడకు గుచ్చితే వాటి మధ్య విద్యుత్తు ఎంత సులువుగా పారుతోందో చూసి ఈ మీటరు శాతం చెబుతుంది. గోడలో ఉప్పు ఉంటే అంత చెమ్మ లేకపోయినా అంకె పెరుగుతుంది. కింది పడకగదిలో బీరువా జరిపించి చూస్తే, నేల నుంచి మూడడుగుల ఎత్తు వరకు గోడ మీద తెల్లటి పొడి, దాని పైన అలలాంటి గీత ఉన్నాయి. మీటరు గరిష్ఠం చూపించింది. నివేదికలో 'తీవ్రమైన చెమ్మ, గోడకు రసాయనాల ఇంజెక్షను అవసరం' అని రాసి, పక్కనే ఆ పని చేసే వేరే సంస్థ పేరు సూచించారు. నాకు నచ్చని విషయం ఇదొక్కటే కాదు గానీ అన్నిటికంటే ఎక్కువ నచ్చనిది ఇదే. తనిఖీ చేసేవారికి మరమ్మతు చేసేవారితో సంబంధం ఉండకూడదు, ఉంటే ముందే చెప్పాలి. అడిగితే 'మీకు సౌకర్యంగా ఉంటుందని రాశామండి' అన్నారు.

ఆ మీటరు కొలతల్లో అంతకు మించిన లోపం కాలానికి సంబంధించింది. మేము తనిఖీ చేయించింది ఏప్రిల్ నెలాఖరులో. అప్పటికి కాలువల్లో నీరు లేదు, చేలు ఎండి నెర్రెలిచ్చాయి, నేలలో నీటిమట్టం కిందికి దిగింది. జూన్‌లో కాలువలు వదిలి, సార్వా ఊడ్పులై, ఇంటి వెనక చేను నిండా నీరు నిలిచాక అదే గోడ ఎలా ఉంటుందో ఏప్రిల్ కొలత చెప్పలేదు. మన వైపు ఇళ్ల అమ్మకాలు, రంగులు వేయించడాలు ఎక్కువగా వేసవిలో జరగడం కేవలం పెళ్లిళ్ల ముహూర్తాల కోసమే అనుకోను. తొందర లేనివారు ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో తనిఖీ పెట్టుకోవడం మేలు. అప్పుడు గోడ అడుగు, సెప్టిక్ ట్యాంకు, మరుగుదొడ్డి నీరు పోవడం, వీధి డ్రెయిను ఎటు పారుతుంది అన్నవన్నీ ఏ పరికరమూ లేకుండానే కళ్లకు కనిపిస్తాయి. బయటి నగరాల నుంచి వచ్చే సంస్థకు ఈ సంగతి తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు గానీ, డెల్టాలో పని చేస్తామని చెప్పుకుంటున్నప్పుడు కొలతల పక్కన కాలువల స్థితి ఒక్క వాక్యమైనా రాయాలి.

నేల విషయంలో ఈ సేవ దాదాపు ఏమీ చేయలేదు. నివేదికలో పునాది కింద 'కనిపించని భాగం, పరిధిలో లేదు' అని ఒక్క ముక్క ఉంది. న్యాయంగా మాట్లాడితే కట్టిన ఇంటి పునాది తవ్వి చూడమని ఎవరూ అనరు. కానీ ఇక్కడ ఇళ్లు దెబ్బతినేది ఎక్కువగా నేల వల్లనే. ఎండకు బిగుసుకుని వానకు ఉబ్బే బంకమట్టి ఒకవైపు, చెరువో గుంటో రొయ్యల చెరువో పూడ్చి మెరక చేసిన స్థలాలు మరొకవైపు. మెరక మట్టి సంవత్సరాల తరబడి దిగుతూనే ఉంటుంది. ఇంట్లో ఒక మూల అసలు నేల మీద, ఇంకో మూల మెరక మీద ఉంటే కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. బంకనేలల కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అభివృద్ధి చేసిన అండర్‌రీమ్డ్ పైల్స్ (నేలలోకి లోతుగా దింపే, అడుగున ఉబ్బెత్తుగా ఉండే కాంక్రీటు స్తంభాలు) మన పట్టణాల్లోనూ వేస్తున్నారు, పాత ఇళ్లకు మాత్రం అవి ఉన్నాయని అనుకోలేం. ఈ ఇంట్లో వంటగది కిటికీ కింద అటువంటి పగులు ఒకటి ఉంది. ఇంజనీరు వెడల్పు కొలిచి ఫొటో తీశాడు. పగులు పాతదా, ఇంకా పెరుగుతోందా అన్నది తేలాలంటే దాని మీద గాజు పలక అతికించి నెలల తరబడి చూడాలి, కొనేవాడికి అంత వ్యవధి ఉండదు. అయితే పగులు లోపల పాత రంగు, పుట్టీ చేరి ఉంటే కొంత ఊరట, అంచులు తాజాగా పదునుగా ఉంటే ఆలోచించాలి. ఇక్కడ లోపల పాత నీలిరంగు సున్నం కనిపించింది. ఈ సంగతి నివేదికలో లేదు, నిచ్చెన దిగుతూ నోటిమాటగా చెప్పాడు.

స్థలం చరిత్ర మేమే తెలుసుకున్నాం. గ్రామ పటంలో, అడంగల్‌లో సర్వే నంబరు ఎలా నమోదై ఉందో చూసుకుంటే చెరువు, గుంట, పుంత, బోదె వంటి మాటలు బయటపడతాయి. అది ప్రభుత్వ పోరంబోకుగా ఉంటే ఇల్లు ఎంత గట్టిదైనా రిజిస్ట్రేషన్ నిషేధించిన భూముల 22ఏ జాబితాలో చిక్కుకుంటుంది. గూగుల్ ఎర్త్‌లో పాత సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా దొరుకుతాయి, వెనక్కు జరుపుతూ పోతే పూడ్చిన రొయ్యల చెరువు గట్లు చతురస్రాలుగా స్పష్టంగా కనిపిస్తాయి. పక్కింటి పెద్దావిడను పలకరిస్తే మిగిలినది తెలుస్తుంది. ఏటిగట్టు లోపలి లంకల్లో కొనేవారైతే 1986 ఆగస్టులో, 2022 జూలైలో వరద నీరు ఎంత ఎత్తున నిలిచిందో ఇంటింటా అడగాలి. ఈ పనులన్నీ తనిఖీ సంస్థే చేసి నివేదికలో మొదటి పేజీలో పెడితే, మిగిలిన బొమ్మల్లో సగం తీసేసినా ఎవరికీ నష్టం లేదు.

కరెంటు పని బాగా చూశారు. పాత ఫ్యూజులు, ఎర్త్ తీగ సరిగా కలపని ప్లగ్గులు, షాకు కొట్టకుండా కరెంటు ఆపే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోవడం అన్నీ గదుల వారీగా రాశారు. చెదలు గుమ్మం చట్రం అడుగున పట్టుకున్నారు. నీటి గొట్టాలు పర్వాలేదు. సెప్టిక్ ట్యాంకుకూ బోరుకూ మధ్య దూరం మాత్రం కొలవలేదు. నీటిమట్టం చేతికందేంత పైన ఉండే ఈ నేలలో అది చిన్న విషయం కాదు.

నివేదిక చాలా పొడవుగా, పూర్తిగా ఇంగ్లీషులో ఉంది. ఇంట్లో ఉండబోయే మా అక్కకు గానీ, ధర తగ్గించవలసిన యజమానికి గానీ అది అర్థం కాదు. అందులోని ముఖ్యమైన విషయాలు తెలుగులో రెండు పేజీలుగా రాసి ఇమ్మని అడిగితే అలాంటి పద్ధతి లేదన్నారు. చివరికి మేనల్లుడే రాశాడు. బేరంలో పనికొచ్చింది కూడా ఆ రెండు పేజీలే. సన్‌షేడ్లు, పిట్టగోడ, వైరింగు మరమ్మతుల అంచనాను మధ్యవర్తి ఎదుట పెట్టాక యజమాని మూడు లక్షలు తగ్గించారు. 'ఇంతమంది వచ్చి చూశారండి, ఎవరూ సన్‌షేడ్ ఎక్కలేదండి' అన్నారు గానీ, పెచ్చు ఊడిన చోటు ఎదురుగా ఉండగా వాదించలేదు.

మేస్త్రీకి బదులుగా ఈ సేవను పిలవమని నేను చెప్పను. మెరక ఎప్పుడు చేశారో, ఇసుక ఏ రేవు నుంచి వచ్చిందో, ఆ వీధిలో ఏ ఇల్లు కుంగిందో చెప్పగలిగేది ఊరి మేస్త్రీయే. అయితే ఆయన రేపు అదే యజమాని దగ్గర పనికి వెళ్లవలసినవాడు, కాగితం మీద సంతకం పెట్టి ధర తగ్గించే మాట ఆయన చేత చెప్పించడం భావ్యం కాదు. బయటి ఇంజనీరుకు ఆ మొహమాటం లేదు. ఇద్దరినీ ఒకే రోజున, ఒకే ఇంట్లో, కలిపి తిప్పడం నాకు తెలిసినంతలో మంచి పద్ధతి. పంచాయతీరాజ్‌లోనో రోడ్లు, భవనాల శాఖలోనో పని చేసి విశ్రాంత జీవితం గడుపుతున్న ఇంజనీరు ఎవరైనా దగ్గరలో ఉంటే, పరికరాలు లేకపోయినా ఆయన కన్ను ఈ సంస్థకు గట్టి పోటీ.

పదిహేనేళ్లు దాటిన శ్లాబు ఇల్లు, సముద్రానికి దగ్గరి మండలం, పైన అంతస్తు వేసే ఉద్దేశం, ఈ మూడింటిలో ఒక్కటి ఉన్నా ఈ సేవ తీసుకోవచ్చు, అయితే కాంక్రీటు పొడి పరీక్షను తప్పనిసరిగా అడగాలి. స్థలం విలువ కోసం మాత్రమే కొని పాత ఇంటిని పడగొట్టేవారికి ఇది పూర్తిగా అనవసరం. బిల్డరు దగ్గర కొత్త ఫ్లాటు కొనేవారి సంగతి వేరు. రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం, స్వాధీనం చేసిన నాటి నుంచి ఐదేళ్ల లోపు నిర్మాణ లోపం చూపిస్తే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయవలసిన బాధ్యత బిల్డరుదే. ఆ హక్కు మన కోనసీమ ఇంటి యజమాని వంటి వ్యక్తి దగ్గర కొన్న పాత ఇంటికి వర్తించదు. ఫ్లాటు కొన్నవారు ఇదే రుసుమును తాళాలు తీసుకునే రోజున కాకుండా, ఐదో ఏడు ముగియడానికి కొన్ని నెలల ముందు ఖర్చు పెడితే బిల్డరు ముందు పెట్టడానికి చేతిలో ఒక కాగితం ఉంటుంది.